మోటారు సైకిల్‌కూ ఒక ట్రంకు పెట్టె



మన హాస్టళ్ళలో చదివినవారికి ట్రంకు పెట్టె గురించి వేరే చెప్పనక్కరలేదు. రెండు మూడు జతల బట్టలు, పుస్తకాలు, సబ్బు, కొబ్బరినూనె సీసా, ఇంటి నుండి తెచ్చుకున్న పచ్చడి డబ్బా అన్నీ ఆ రేకు పెట్టెలోనే. ఏది అడుగున ఉండాలి, ఏది చేతికి అందేలా పైన ఉండాలి, ఏది దేనికి తగలకూడదు అనే సంగతి ఆరో తరగతిలోనే మనకు తెలిసిపోతుంది. ఆ తెలివినే మోటారు సైకిల్‌కు ఉపయోగించి, పనిముట్లు, అత్యవసర సామాను పెట్టుకునే పెట్టెను తక్కువ ఖర్చుతో మనమే ఎలా తయారు చేసుకోవచ్చో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఎందుకు కావాలి?

మన పూర్వ విద్యార్థుల్లో ఉపాధ్యాయులు, లైన్‌మెన్లు, ఆరోగ్య కార్యకర్తలు, పంచాయతీ కార్యదర్శులు, వ్యాపారం చేసుకునేవారు ఎందరో ఉన్నారు. అందరికీ కాళ్ళూ చేతులూ మోటారు సైకిలే. అందులోనూ ఎక్కువమందివి 100 సి.సి. తరగతి బళ్ళు. కొత్త బండితో కంపెనీ ఇచ్చే పనిముట్ల సంచి సైడు కవరు లోపలో, సీటు కిందో ఉంటుంది. అందులో రెండు మూడు పానాలు, ఒక ప్లగ్ పానా, ఒక స్క్రూ డ్రైవర్ ఉంటాయి. ఆ కొద్ది జాగాలో పంక్చరు సామాను పట్టదు, గాయానికి కట్టే గుడ్డ కూడా పట్టదు.

ఊళ్ళో అయితే వీధికొక మెకానిక్ షాపు ఉంటుంది. పాడేరు ఘాట్ రోడ్డులోనో, నల్లమల అడవిలోనో, ఏటూరునాగారం దారిలోనో చీకటి పడ్డాక క్లచ్ కేబుల్ తెగితే ఎవరిని పిలుస్తాం? అంతకంటే పెద్ద సంగతి ప్రమాదాలది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారే. రక్తం కారుతున్న మనిషి పక్కన నిలబడి శుభ్రమైన గుడ్డ కోసం వెతుక్కోవడం, ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వంటిదే.

ఏమేమి పెట్టుకోవాలి?

సామానును రెండు భాగాలు చేసుకోవాలి. ఒకటి బండికి, రెండవది మనిషికి. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉండరాదు. గ్రీజు అంటిన పానా పక్కన పెట్టిన బ్యాండేజీ గాయానికి పనికిరాదు.

బండికి కావలసినవి:
1. 8, 10, 12, 14, 17 నంబర్ల పానాలు. వెనుక చక్రం ఇరుసు నట్టు ఒక్కో బండికి ఒక్కో సైజు ఉంటుంది కనుక దానికి సరిపోయేది చూసి కొనాలి.
2. ప్లగ్ పానా, ఒక స్పేర్ ప్లగ్.
3. కటింగ్ ప్లేయర్, రెండు వైపులా వాడుకునే స్క్రూ డ్రైవర్.
4. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ ఒక్కొక్కటి.
5. చైన్ లాక్, ఫ్యూజులు, హెడ్ లైట్ బల్బు.
6. ట్యూబు టైరైతే టైరు లీవర్లు రెండు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం. ట్యూబ్‌లెస్ అయితే దానికి వేరే కిట్టు దొరుకుతుంది. ఏదైనా సరే చిన్న చేతి పంపు తప్పనిసరి.
7. ఇన్సులేషన్ టేపు, బైండింగ్ వైరు, పాత ట్యూబు ముక్క.

మనిషికి కావలసినవి: రోలర్ బ్యాండేజీలు నాలుగు, ప్యాకెట్లలో వచ్చే శుభ్రమైన గాజు గుడ్డ, త్రికోణపు కట్టు గుడ్డ, చేతి తొడుగులు రెండు జతలు, చిన్న కత్తెర, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు రెండు, టార్చిలైటు, విజిల్, వెలుతురు పడితే మెరిసే పట్టీ. వీటితో పాటు పేరు, రక్తం గ్రూపు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కార్డు.

మాత్రలు మాత్రం బండి మీద నిల్వ ఉంచవద్దు. మన ఎండకు అవి పాడవుతాయి. సీసాలో పెట్రోలు పెట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

పెట్టె దేనితో చేయాలి?

కొందరు ఖాళీ ఇంజనాయిల్ డబ్బాను కోసి కట్టుకుంటారు. అది తేలికే కాని మూత నిలవదు. రేకు పెట్టె గట్టిదే కాని బరువు, తుప్పు, మూలలు కాలికి కోసుకోవడం దాని దోషాలు. సీటు కవర్లు కుట్టేవారి దగ్గర జేబులున్న రెగ్జిన్ ట్యాంకు కవరు కుట్టించుకోవచ్చు. ప్రథమ చికిత్స సామానుకు అది చక్కగా సరిపోతుంది. జేబు హ్యాండిల్ తిరగడానికి అడ్డురాకుండా, పెట్రోలు మూతను కప్పకుండా చూసుకుంటే చాలు.

పనిముట్లకు మాత్రం పీవీసీ పైపును మించినది లేదు. తుప్పు పట్టదు, గుండ్రంగా ఉండటం వల్ల గట్టిగా ఉంటుంది, ప్లంబర్ల దగ్గర మిగిలిన ముక్క చవకగా దొరుకుతుంది. 90 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం, 35 సెం.మీ. పొడవు ఉన్న ముక్క తీసుకుందాం. లెక్క ఇలా ఉంటుంది:

లోపలి వ్యాసం 84 మి.మీ., అంటే వ్యాసార్థం 4.2 సెం.మీ.
ఘనపరిమాణం = 3.14 × 4.2 × 4.2 × 35 = సుమారు 1,940 ఘన సెం.మీ., అంటే రెండు లీటర్లకు కొంచెం తక్కువ.

పదో తరగతి స్థూపం పాఠం ఇక్కడ పనికివచ్చింది. పీవీసీ సాంద్రత ఘన సెం.మీ.కు సుమారు 1.4 గ్రాములు. ఆ లెక్కన ఈ ముక్క బరువు 400 గ్రాములు మాత్రమే.

ఎక్కడ బిగించాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ముందు ఎక్కడ బిగించకూడదో చూద్దాం.

సైలెన్సరు వైపు వద్దు. పీవీసీ సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. సైలెన్సరు అంతకంటే బాగా వేడెక్కుతుంది. ఇంజను ముందు లెగ్ గార్డుకు అడ్డంగా కూడా వద్దు. గాలితో చల్లబడే ఇంజనుకు ఆ గాలే ప్రాణం. నంబరు ప్లేటు, వెనుక లైటు, ఇండికేటర్లు కనిపించకుండా పోయే చోటు కూడా పనికిరాదు.

క్యారియర్ చివర బిగిస్తే ఏమవుతుందో భౌతికశాస్త్రంలోని భ్రామకాల సూత్రంతో చూద్దాం. ఇలాంటి బండికి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 123 సెం.మీ. వెనుక ఇరుసుకు 40 సెం.మీ. వెనకగా 5 కిలోల బరువు పెడితే ముందు చక్రం మీద తగ్గే బరువు = 5 × 40 ÷ 123 = 1.6 కిలోలు. అదే చోట 15 కిలోలు పెడితే దాదాపు 5 కిలోలు తగ్గుతుంది. ముందు చక్రం తేలికైన కొద్దీ హ్యాండిల్ పట్టు తప్పుతుంది, మట్టి రోడ్డు మీద జారుడు ఎక్కువవుతుంది. అందుకే బరువు ఎప్పుడూ రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందుగా ఉండాలి.

కుడివైపు సైలెన్సరు ఉండే బళ్ళకు ఎడమవైపు, చీర గార్డుకు బయట, పిలియన్ కాలు పెట్టే చోటుకు వెనుక, గార్డు పై కడ్డీకీ క్యారియర్ కాలుకూ కలిపి బిగించడం మంచి పద్ధతి. ఒకే పక్క బరువు వేస్తే బండి ఒరగదా అని సందేహం రావచ్చు. మనిషితో కలిపి 175 కిలోలున్న బండికి, మధ్య గీతకు 20 సెం.మీ. దూరంలో 2.5 కిలోలు వేస్తే గరిమనాభి జరిగేది 0.28 సెం.మీ. మాత్రమే. 3 కిలోలు మించకుంటే ఇబ్బంది లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పైపు పట్టడం లేదని చీర గార్డును తీసివేయకండి. వెనుక కూర్చున్న అమ్మ కొంగు, చెల్లెలి చున్నీ చక్రంలోకి పోకుండా కాపాడేది అదే. జాగా చాలకపోతే పైపు పొడవు తగ్గించండి లేదా క్యారియర్ కింద, చక్రానికి దగ్గరగా పెట్టండి.

తయారు చేసే విధానం

కావలసినవి: పైన చెప్పిన పైపు ముక్క, ఒక ఎండ్ క్యాప్, ఒక థ్రెడ్ అడాప్టర్, దానికి సరిపోయే మరమూత, సాల్వెంట్ సిమెంట్, గరుకు కాగితం, ఇనుప క్లాంపులు మూడు, 6 మి.మీ. బోల్టులు, నైలాక్ నట్లు, పాత ట్యూబు, పెయింటు.

1. పైపును రెండు చివరలా లంబంగా కోసి అంచులు నునుపు చేయాలి.
2. అతికే చోట్లను గరుకు కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి.
3. పైపుకూ క్యాపుకూ రెండిటికీ సిమెంటు పూసి, పావు మెలిక తిప్పుతూ లోపలికి తోసి, అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. రెండవ చివర అడాప్టర్‌ను ఇలాగే అతకాలి. ఈ పని ఆరుబయట చేయాలి, ఆ ఆవిరి మంచిది కాదు. దగ్గరలో నిప్పు ఉండకూడదు.
4. ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వాలి.
5. ఎండకు పీవీసీ కొన్నాళ్ళకు తెల్లబారి పెళుసవుతుంది. కనుక బయట రెండు పూతలు పెయింటు వేయాలి.
6. మూతవైపు కొద్దిగా ఎత్తుగా, వెనక్కి చూసేలా అమర్చాలి. మూత వదులైనా సామాను జారిపోదు. ముందువైపు అన్నిటికంటే కిందుగా వచ్చే చోట 3 మి.మీ. రంధ్రం పెడితే లోపల చేరిన చెమ్మ కారిపోతుంది.
7. క్లాంపుకూ పైపుకూ మధ్య, క్లాంపుకూ కడ్డీకీ మధ్య ట్యూబు ముక్క చుట్టాలి. అదురుకు మామూలు నట్లు వదులవుతాయి కాబట్టి నైలాక్ నట్లే వాడాలి.
8. మరమూతకు కొంచెం వ్యాజలైన్ రాసి, చిన్న గొలుసుతో బండికి కట్టేయాలి. అప్పుడు మూత ఎక్కడా పారేసుకోము.

ఛాసిస్‌కు రంధ్రాలు వేయడం, వెల్డింగ్ పెట్టించడం చేయకండి. బండి బలమంతా ఆ గొట్టాల్లోనే ఉంది.

సర్దేటప్పుడు పానాలన్నిటినీ పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టాలి. చప్పుడు రాదు, ఆ గుడ్డే చేతులు తుడుచుకోవడానికి పనికొస్తుంది. పంక్చరు సామాను పైన, కేబుళ్ళు అడుగున ఉండాలి.

బిగించాక పరీక్షలు

ఇద్దరు కూర్చుని బండిని పైకీ కిందికీ ఊపండి. పైపు చక్రానికిగాని, షాకబ్జర్‌కుగాని, చైనుకుగాని తగలకూడదు. సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పి చూడండి. వెనుక కూర్చున్నవారి కాలికి, గేరు మార్చే కాలికి అడ్డు ఉండకూడదు. తరువాత లోపల న్యూస్ పేపరు ముక్క వేసి, మూత బిగించి, పైనుంచి బకెట్ నీళ్ళు పోయండి. పేపరు పొడిగా ఉంటే వానకాలానికి మీ పెట్టె సిద్ధమైనట్టే. మొదట 5 కిలోమీటర్ల తరువాత, మళ్ళీ 100 కిలోమీటర్ల తరువాత నట్లు బిగించి చూడాలి.

పెట్టె ఉంటే చాలదు, వాడటం రావాలి

ప్రమాదం చూసినప్పుడు ముందు మన బండిని పక్కకు ఆపి, వచ్చే వాహనాలకు కనిపించేలా టార్చి వేయాలి. వెంటనే 108కి గాని 112కు గాని ఫోను చేయాలి. 108 సేవ 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఊరి పేరు, కిలోమీటరు రాయి నంబరు చెబితే వారు త్వరగా చేరుకుంటారు.

రక్తం కారుతుంటే చేతి తొడుగులు వేసుకుని, శుభ్రమైన గుడ్డను గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కాలి. కనీసం పది నిమిషాలు వదలకూడదు, మధ్యలో ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే తీయకుండా దానిమీదే మరొకటి పెట్టాలి. కాఫీ పొడి, పసుపు, మట్టి గాయంలో పోయరాదు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగేయవద్దు, మెడ వంచవద్దు. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయడం చాలా ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. ఎండదెబ్బకు, విరేచనాలకు స్పృహలో ఉన్నవారి కోసం. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు మంచినీటిలో కలపాలి.

సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని చాలామందికి భయం. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం మంచి మనసుతో సాయపడిన వారిమీద కేసు ఉండదు. వారి పేరు చెప్పమని బలవంతపెట్టడం కూడా కుదరదు.

చట్టం ఏమంటుంది?

1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ఇంజను, ఛాసిస్ ముట్టుకోకుండా, విప్పితే ఊడివచ్చేలా క్లాంపులతో బిగించుకోమనడానికి ఇది కూడా ఒక కారణం. 2020 నిబంధనల సవరణలో మోటారు సైకిల్‌కు పెట్టే తేలికపాటి పెట్టె 550 మి.మీ. పొడవు, 510 మి.మీ. వెడల్పు, 500 మి.మీ. ఎత్తు మించరాదని ఉంది. మన పైపు అందులో ఎంతో చిన్నది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. గేర్లున్న బండి నడపడానికి 18 ఏళ్ళు నిండాలి, లైసెన్సు ఉండాలి. మైనర్లు నడిపితే 2019 సవరణ ప్రకారం సంరక్షకుడికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. మీరు ఇప్పుడు చేయగలిగింది ఇంకా మంచి పని. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారి బండికో, అన్నయ్య బండికో ఈ పెట్టె తయారు చేసి ఇవ్వండి.

ప్రతి నెల మొదటి ఆదివారం పెట్టె ఖాళీ చేసి, పానాలు నూనె గుడ్డతో తుడిచి, టార్చి వెలుగుతుందో లేదో చూసి మళ్ళీ సర్దాలి. టార్చిలో సెల్సు విడిగా ఉంచితే ఎండకు కారిపోయినా టార్చి పాడవదు. వాడిన వస్తువును ఆ వారంలోనే కొని పెట్టాలి.

మీరే చేసి చూడండి

1. 75 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం, 30 సెం.మీ. పొడవు గల పైపులో ఎన్ని ఘన సెం.మీ. సామాను పడుతుంది?
2. వెనుక ఇరుసుకు 20 సెం.మీ. ముందుగా 3 కిలోలు పెడితే ముందు చక్రం మీద బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎంత?
3. ప్రథమ చికిత్స సామాను పనిముట్ల పైపులో ఎందుకు పెట్టకూడదు? రెండు కారణాలు రాయండి.

పెట్టె చిన్నదే. కాని దారిలో బండి ఆగిపోయిన వానికీ, రక్తమోడుతూ పడి ఉన్న మనిషికీ దాని విలువ ఎంతో తెలుస్తుంది. ఈ సంచిక చదివిన ప్రతి పూర్వ విద్యార్థి తన బండికి ఒకటి బిగించి, మరొకరికి బిగించడం నేర్పితే అంతకంటే కావలసినది లేదు.