సున్నయు ఖాళీయు ఒకటి కావు

బడిలో బిడ్డను చేర్చునపుడు దరఖాస్తులో "మాతృభాష" అను గడి యొకటి యుండును. కొందరు తల్లిదండ్రులు దానిని ఖాళీగా విడిచెదరు. ఆ ఖాళీకి అర్థమేమో విచారింతము.

సున్న యనగా, లెక్కించి చూడగా ఏమియు లేదని తేలినది. ఖాళీ యనగా, లెక్కింపనే లేదు, లేక లెక్కించినది దొరకలేదు. మరుగుపరచిన గడి యనగా, సంఖ్య కలదు, కాని చూపలేదు.

ఐదుగురు పిల్లలలో నలుగురు పరీక్ష వ్రాసి 60, 50, 40, 0 మార్కులు తెచ్చుకొనిరి. ఐదవవాడు జ్వరముచే రాలేదు. వ్రాసినవారి సగటు 37½. రానివానికి సున్న వేసిన 30. సున్న తెచ్చుకొన్నవానిని గూడ విడిచిన 50. పిల్లలు వారే, సగటులు మూడు!

దేశపు లెక్కలలోను ఇట్లే. 1981 జనాభా లెక్కలలో తమిళనాడు పత్రములు వరదలలో పోయెను. అస్సాములో లెక్కింపే జరుగలేదు. ఆ ఏటి పట్టికలో తమిళ, అస్సామీ భాషల పూర్తి సంఖ్యలు లేవు. అంతమాత్రమున తమిళులు లేరందుమా? 2011లో, దేశమందు పదివేలకు తక్కువమంది గల మాతృభాషలను విడిగా చూపక "ఇతరములు" అను గడిలో కలిపిరి. అవియు సున్నలు కావు.

ఒక గ్రామమున ఒక వ్యాధి గలవారు ఇద్దరే యైన, సంఖ్య ప్రకటించినచో వారెవరో ఊరెల్ల ఎరుగును. కావున "10కి తక్కువ" అని వ్రాయుదురు. అయినను మొత్తము 40, తక్కినవారు 38 అని ప్రక్కనే చూపిన, తీసివేతతో గుట్టు బయటపడును. అందుచే మరియొక గడిని గూడ మరుగుపరుపవలెను.

ఇక మన సంగతి. పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో వారి మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. పదిమంది తెలుగు పిల్లలు గల తరగతిలో ముగ్గురి గడులు ఖాళీయైన, లెక్కకు ఏడుగురే. ఆ ముగ్గురు "కాదు" అనలేదు, ఏమియు చెప్పలేదు. కాని పట్టీ చూచువారికి ఆ భేదము కానరాదు.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, బయట కన్నడము మాట్లాడు కుటుంబములు అనేకము. రెండును మనకు కావలసినవే. అయినను మాతృభాష గడిలో ఇంటి భాషనే వ్రాయుడు. తక్కిన గడులలో లేనిదానికి "లేదు" అనియు, తెలియనిదానికి "తెలియదు" అనియు వ్రాయుడు. ఏ గడినైనను ఖాళీగా విడువకుడు.