రంగు మీద రంగు పడకపోతే

మన నూజివీడు మామిడి కాయల అట్టపెట్టెలు అందరూ చూసే ఉంటారు. కొన్నింటి మీద బొమ్మలో పసుపు కాయ దాటి బయటికి వచ్చేస్తుంది, అవతలి అంచున ఎర్రగీత మిగిలిపోతుంది. చూస్తే కళ్ళు తిరిగినట్టు ఉంటుంది.

ప్రెస్సులో మామూలుగా నాలుగే సిరాలు: సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి ఎరుపు, పసుపు, నలుపు. బొమ్మని నాలుగుగా విడదీసి ఒక్కో దానికి ఒక ప్లేటు చేస్తారు. నాలుగూ ఒకే చోట పడాలి. తేమకి కాగితం సాగినా, ప్లేటు సరిగా బిగించకపోయినా ఒక రంగు పక్కకి జరుగుతుంది.

భూతద్దం పెట్టి చూడండి, బొమ్మంతా చుక్కలే! (సైన్సు గదిలో ఉంది, సారుని అడిగి తీసుకోండి.) ఈ చుక్కల వరసల్ని ఒక్కో రంగుకి ఒక్కో వాలులో పెడతారు. నీలం 15 డిగ్రీలు, నలుపు 45, మెజెంటా 75. ఎందుకో తెలియాలంటే రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేయండి. రెండూ ఒకే వాలులో ఉంటే కొంచెం జరిపినా కన్నాలన్నీ ఒక్కసారే మూసుకుపోతాయి. ఒకదాన్ని బాగా ఏటవాలుగా తిప్పితే, జరిపినా మొత్తం మీద పెద్ద తేడా రాదు. అచ్చులోనూ అంతే. అంచులు మసకబారతాయి గానీ బొమ్మ రంగు మారిపోదు.

ఇంకో పద్ధతి ఉంది. ముదురు రంగుల్లో మూడు సిరాలూ కలిసి బూడిదరంగు అయ్యే భాగాన్ని తగ్గించి, అక్కడ నలుపు వేస్తారు. అప్పుడు జరిగే రంగే తక్కువ.

మన పక్కనే పెడన కలంకారీ వాళ్ళకి ఈ తంటా ఎప్పటినుంచో తెలుసు. గీతలకి ఒక చెక్క అచ్చు, లోపల నింపే రంగులకి వేరే అచ్చులు. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి చేసిన నల్లరంగు గీత కాస్త లావుగా ఉంటే, లోపలి రంగు వెంట్రుకవాసి జరిగినా దాని కిందే దాక్కుంటుంది.

అన్నింటికంటే ఎక్కువ దెబ్బ తినేవి చిన్న అక్షరాలు. మామిడికి కొట్టే పురుగుమందు డబ్బా మీద డైమండు గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా ఎక్కువ విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అది పెద్దది కాబట్టి రంగు కొంచెం జరిగినా తెలుస్తుంది. ఎన్ని నీళ్ళలో ఎంత మందు కలపాలో రాసేది మాత్రం చీమల్లాంటి అక్షరాల్లో. వాటిని మూడు రంగులు కలిపి వేస్తే, జరిగినప్పుడు ఒక్కో అక్షరానికి మూడు నీడలు వస్తాయి, 1 ఏదో 7 ఏదో తెలియదు. నలుపు ఒక్కటే వేస్తే ఇంకో రంగుతో కలవాల్సిన పనే లేదు. మా అమ్మకి చదువు రాదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆ అక్షరాలు నేనే చదివి చెప్తాను.