పరభాషాభ్యాసము: బ్రౌను దొర చూపిన దారి

ప్రతి సంవత్సరమూ పరీక్షా ఫలితములు వెలువడిన మరునాడు మా గదికి వచ్చు విద్యార్థులలో కొందరి మాట ఒక్కటే: "అన్నీ పాసైనాము సార్, ఇంగ్లీషు ఒక్కటే పోయింది." ఆ ఒక్కటి పోవుటతో డిగ్రీ చేతికి రాదు. డిగ్రీ లేనిదే ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనుటకు వీలులేదు. కొందరు అంతటితో చదువు చాలించి తండ్రి దుకాణములో కూర్చుందురు. మన పిల్లలెందరికో పరభాష దాటరాని గడప అయినది. దానిని దాటు ఉపాయమును గూర్చి విద్యార్థులతోను, పెద్దలతోను ముచ్చటించుటకే ఈ వ్యాసము.

గత సంవత్సరము అట్లు వచ్చిన ఒక విద్యార్థిని "నీకెన్ని భాషలు వచ్చును?" అని అడిగినాము. "తెలుగు ఒక్కటే సార్, అదీ అంతంతమాత్రమే" అన్నాడు. అతడు ఇంటిలో తల్లితో మాట్లాడునది దక్కనీ ఉర్దూ. బడిలో చదివినది తెలుగు. చిత్తూరు బెల్లం మండీలో తండ్రికి సాయముగా కూర్చున్నపుడు తమిళ వ్యాపారులతో అరవములో బేరమాడును. చిన్ననాడు మదర్సాలో అరబీ లిపి నేర్చినాడు. ఇన్ని భాషల నడుమ పెరిగి తనకు భాషలు రావనుకొనుచున్నాడు! మండీలో అరవము ఎవరు నేర్పినారని అడిగితే నవ్వి, "ఎవరూ నేర్పలేదు సార్, దానంతట అదే వచ్చింది" అన్నాడు.

ఏ భాషయు దానంతట అది రాదు. అరవము అతని చెవిని ప్రతిదినము పడినది. దానితో అతనికి పని పడినది. తప్పు పలికినపుడు ఎదుటివారు నవ్వి సరిదిద్దినారు, తానును నవ్వినాడు. ఇంగ్లీషు విషయములో ఈ మూడును మన పిల్లలకు కరువైనవి. పరీక్షకు ముందు నెల రోజులు నోట్సు కంఠస్థము చేయుటతో సరిపెట్టుకొనుచున్నారు. మండీలో ఉన్న సంతోషము పుస్తకము దగ్గరకు రావలెను. అందుకు మన పొరుగు జిల్లా కడపలో గొప్ప నిదర్శనమున్నది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించినాడు. 1817లో కంపెనీ కొలువునకై మద్రాసు చేరి, అక్కడ తెలుగు చదువనారంభించి, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినాడు. నాడు మన మదనపల్లె ప్రాంతమును ఆ జిల్లాలోనిదే. కొలువు కొరకు మొదలైన ఆ చదువు కొలువుతో ముగియలేదు. లండను చేరిన పిమ్మట ఆయన అక్కడి యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడైనాడు. 1884లో మరణించినాడు. ఆయన ప్రకటించిన పుస్తకములను పరికించిన, పరభాష నేర్చువానికి పనికివచ్చు నాలుగు అలవాట్లు కానవచ్చును.

మొదటిది, నచ్చిన చిన్న రచనతో ప్రారంభించుట. బ్రౌను వేమన పద్యములను సేకరించి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో ప్రకటించినాడు. అవి చిన్నవి, లోకానుభవము నిండినవి. మన విద్యార్థియు బరువైన నవలతో మొదలుపెట్టనక్కరలేదు. క్రికెట్ మీద ప్రీతి గలవాడు ఇంగ్లీషు పత్రికలో ఆటల పుట చదువవలెను. ఎవరు గెలిచినారో ముందే తెలియును గనుక భాష తేలికగా అందును.

రెండవది, నిత్యజీవితపు కాగితములను చదువుట. బ్రౌను 1852లో వెలువరించిన తెలుగు రీడరులో సొంత ఉత్తరములు, పోలీసు, రెవెన్యూ వ్యవహారముల కాగితములు ఉన్నవి. బ్యాంకు ఫారము, రైలు రిజర్వేషను కాగితము, మందు సీసా మీది చీటీ మనకును పాఠములే.

మూడవది, వినుట. తాతాచారి అను పండితుడు చెప్పిన కథలను బ్రౌను 1855లో అచ్చు వేయించినాడు. మనకు ఆకాశవాణి ఉన్నది, చేతిలో ఫోను ఉన్నది. ముందు తెలుగు వార్తలు విని, పిదప ఆనాటి ఇంగ్లీషు వార్తలు వినవలెను. విషయము తెలిసిన చెవి మాటను త్వరగా పట్టును.

నాలుగవది, మాటల పుస్తకము. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. 1854లో తెలుగులో కలిసిన అన్యభాషా పదములకు ఆయన వేరుగా ఒక నిఘంటువే కూర్చినాడు. ఫిర్యాదు, వకీలు, దస్తావేజు మొదలగు మాటల వద్ద ఉర్దూ విద్యార్థి తెలుగునకు అతిథి కాడు, ఇంటివాడే. అట్లే బస్సు, టిక్కెట్టు, డ్రైవరు మొదలగు ఇంగ్లీషు మాటలు మన అందరి నోటను ఉన్నవి. నోటుపుస్తకమును వానితోనే మొదలుపెట్టవచ్చును. దినమునకు 5 మాటలు, ఒక్కొక్క దానితో ఒక సొంత వాక్యము వ్రాసిన సంవత్సరమునకు 1,825 మాటలగును. సగము మరచినను తొమ్మిది వందలకు పైగా మిగులును.

అరబీకిని ఇదే మార్గము. మన జిల్లాల నుండి జీవనోపాధికై కువైటు వెళ్ళువారు ఎందరో కలరు. సంతకము పెట్టు కాగితములో ఏమున్నదో తెలియకుండుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. చిన్ననాడు నేర్చిన లిపికి అర్థము కూడ చేర్చుకొన్నచో సగము దారి ముందే నడిచినట్లు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయములో ఒక ఇంగ్లీషు దినపత్రిక, రెండు మంచి నిఘంటువులు, వారమునకు ఒక గంట సంభాషణకు ఒక గది చాలును. ఆ గదిలో తప్పు పలికినవానిని ఎవరును ఎగతాళి చేయరాదన్నది ఒక్కటే నియమము. వీలైన, ఒకసారి విద్యార్థులను కడపకు తీసికొని పోవుదము. బ్రౌను నివసించిన చోటనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రము, గ్రంథాలయము ఉన్నవి.

మొన్న ఆ మండీ విద్యార్థి తన నోటుపుస్తకము తెచ్చి చూపినాడు. మొదటి పుటలో మొదటి మాట 'జాగరీ'. దాని ప్రక్కనే అరవములో వెల్లం, ఉర్దూలో గుడ్, తెలుగులో బెల్లం అని వ్రాసుకొన్నాడు. పరీక్ష ఇంకను ముందున్నది. అయినను ఈసారి అతడు మా గదికి వచ్చినది మార్కుల కొరకు కాదు, ఆ పుటలోని ఒక మాట ఉచ్చారణ అడుగుటకు.