గోడమీద వెలసిన పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం

భిన్న భాషలు, మతాలు, ఆచారాలు గల విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన వారి మధ్య ఆత్మీయత ఏర్పడదు. దానిని పెంపొందించడంలో కళ నిర్వహించే పాత్రను, అందుకు అధ్యాపకుల పరస్పర సహకారం ఎంత అవసరమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇతరుల సంస్కృతిని గురించి తెలుసుకోవడం వేరు. ఆ సంస్కృతిని గౌరవించడం వేరు. మొదటిది పుస్తక పఠనంతో సాధ్యమవుతుంది. పండుగల పేర్లు, వేషధారణల వివరాలు కంఠస్థం చేసి పరీక్షలో ఉత్తీర్ణులైనవారు సైతం పొరుగువారి యాసను పరిహసించడం లోకంలో కనిపిస్తూనే ఉంది. రెండవది అనుభవం వల్ల అలవడుతుంది. పరుల పాటను తన గొంతుతో పాడినప్పుడు, పరుల రేఖను తన చేతితో గీసినప్పుడు అందులోని శ్రమ, సౌందర్యం బోధపడతాయి. ఎంతో సాధన చేస్తే గాని పట్టుబడని విద్యను ఎవరూ చులకన చేయలేరు. విద్యలో కళకు స్థానం ఉండవలసింది ఇందుకే.

ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన విద్యాసంస్థలలో శాంతినికేతనం ముఖ్యమైనది. పశ్చిమ బెంగాల్‌లోని బోల్పూర్ సమీపంలో రవీంద్రనాథ్ టాగూరు 1901లో ఐదుగురు విద్యార్థులతో అక్కడ పాఠశాలను ప్రారంభించారు. 1919లో కళాభవనం, 1921లో విశ్వభారతి ఏర్పడ్డాయి. ఫ్రాన్సు నుంచి సిల్వాఁ లెవీ, ఇంగ్లండు నుంచి లెనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్, చైనా నుంచి తాన్ యున్ షాన్ వంటి విద్వాంసులు వచ్చి పనిచేశారు. విశ్వమంతా ఒకే గూటిలో నివసించే చోటు అనే భావం గల వేదవాక్యాన్ని ఆ సంస్థ తన ధ్యేయంగా స్వీకరించింది. 2023లో శాంతినికేతనం యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది.

కళాభవనానికి సారథ్యం వహించిన చిత్రకారుడు నందలాల్ బోస్. ఆయన దృష్టిలో గొప్ప కళ, చిన్న కళ అనే భేదం లేదు. మన ముంగిళ్ళలో ముగ్గు వంటిది బెంగాల్ స్త్రీల ఆల్పన. బియ్యపు పిండిని నీటిలో కలిపి వేళ్ళతో నేలమీద తీర్చే ఈ గృహకళను సుకుమారీదేవి కళాభవనంలో విద్యార్థులకు నేర్పారు. జావా ద్వీపానికి చెందిన బాటిక్ అద్దకం, ఈశాన్య భారతానికి చెందిన మణిపురి నాట్యం కూడా ఆ ప్రాంగణంలో స్థానం పొందాయి. ఇంటి అరుగుమీది కళ, సముద్రం ఆవలి కళ ఒకే గౌరవంతో బోధింపబడినప్పుడు, ఏ సంస్కృతీ హీనమైనది కాదనే భావం ఉపన్యాసం లేకుండానే విద్యార్థి మనసులో నాటుకుంటుంది.

అయితే ఈ ఫలితం ఒక్క చిత్రలేఖనోపాధ్యాయుని వల్ల సిద్ధించేది కాదు. శాంతినికేతనంలోని హిందీ భవనం గోడలమీద వినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో చిత్రించిన మధ్యయుగ సాధువుల కుడ్యచిత్రం ఇందుకు నిదర్శనం. రామానుజాచార్యులు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగ్ తదితరులు అందులో దర్శనమిస్తారు. వారు సింహాసనాలమీద విడివిడిగా కూర్చున్నవారు కారు. సామాన్య జనసమూహం మధ్య, ఒక మహానది ప్రవహిస్తున్నట్లు మూడు గోడలమీదుగా సాగిపోతారు.

ఈ చిత్రానికి పునాది వేసినవారు మరికొందరు అధ్యాపకులు. సంస్కృత పండితుడైన క్షితిమోహన్ సేన్ సాధువుల నోట వినిపించే కబీరు పాటలను ఎన్నో ఏళ్ళు సేకరించి బెంగాలీలో ప్రకటించారు. వాటి ఆధారంగా టాగూరు చేసిన ఆంగ్లానువాదాలు 1915లో వెలువడ్డాయి. హిందీ భవనంలో ఆచార్యుడైన హజారీప్రసాద్ ద్వివేది 1942లో కబీరుపై ప్రసిద్ధమైన పరిశోధన గ్రంథాన్ని ప్రకటించారు. ఈ విద్వాంసుల కృషి చిత్రకారునికి భావసామగ్రిని సమకూర్చింది. ఒకరు విన్నది మరొకరు విశ్లేషించగా, ఇంకొకరు దానికి రూపం కల్పించారు. వారి శాస్త్రాలు వేరైనా లక్ష్యం ఒక్కటే.

ఈ చిత్రరచనా పద్ధతి కూడా సహకారాన్ని కోరేదే. తడి ఆరని సున్నపు పూతమీద రంగు వేయాలి. పూత ఆరితే రంగు గోడలో ఇంకదు. కనుక ఆ రోజు ఎంత గీయగలరో అంత మేరకే పూత వేయాలి. పూత వేసేవారు, రంగులు నూరేవారు, కుంచె పట్టేవారు ఒకరి వేగాన్ని మరొకరు తెలుసుకొని పనిచేయాలి. కేరళ నుంచి వచ్చిన కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటి విద్యార్థులు ఆనాడు గురువుకు తోడుగా నిలిచారు. తరువాతి కాలంలో ఆయన స్వయంగా గొప్ప చిత్రకారుడు, కళాచార్యుడు అయ్యారు.

ఈ చిత్రం రూపొందిన కాలాన్ని మరువరాదు. 1946 ఆగస్టులో కలకత్తాలో మతకల్లోలాలు చెలరేగాయి. ఆ మంటలు నవఖలి, బీహారు ప్రాంతాలకు వ్యాపించాయి. మరుసటి సంవత్సరం దేశం విభజన పాలైంది. మతం పేరిట మనుషులు విడిపోతున్న ఆ రోజుల్లో, మతాల సరిహద్దులు దాటి మనుషులను కలిపినవారి చరిత్రను ఒక విద్యాలయం తన గోడమీద నిలుపుకొన్నది. ఆ చిత్రం కల్లోలాలను ఆపలేదు. ఏ చిత్రమూ ఆపలేదు కూడా. కాని ఈ దేశంలో కలిసి బ్రతికే సంప్రదాయం ఎంత ప్రాచీనమైనదో తరువాతి తరాలకు చూపించే సాక్ష్యంగా అది నిలిచి ఉంది.

ఇటువంటి సహకారానికి తెలుగునేల కూడా వేదిక అయింది. 1919లో టాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు గడిపారు. అప్పటి ప్రధానాచార్యుడు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. ఆయన సతీమణి మార్గరెట్ సంగీతజ్ఞురాలు. టాగూరు 'జనగణమన'ను అక్కడే ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గీతానికి స్వరలిపి రూపొందడంలో మార్గరెట్ తోడ్పడ్డారు. ఓరుగల్లు ప్రాంతానికి చెందిన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొంది, హైదరాబాదులో అధ్యాపకుడై అనేకులకు ఆ విద్యను అందించారు.

జాతీయ విద్యా విధానం-2020 కళలను ఇతర పాఠ్యాంశాలతో జోడించి బోధించాలని సూచించింది. అందుకు మన కలంకారీయే చక్కని ఉదాహరణ. 'కలం', 'కారీ' అనే మాటలు పారశీకం నుంచి వచ్చాయి. శ్రీకాళహస్తి వస్త్రాలమీద రామాయణ భారత గాథలు కనిపిస్తే, పెడన అద్దకంలో పారశీక అలంకరణల ఛాయలు కనిపిస్తాయి. చరిత్ర అధ్యాపకుడు గోల్కొండ సుల్తానుల కాలపు మచిలీపట్నం వర్తకాన్ని వివరించవచ్చు. రసాయనశాస్త్ర అధ్యాపకుడు కరక్కాయ, పటిక, ఇనుము, బెల్లం కలిసి రంగును ఎలా నిలుపుతాయో చూపవచ్చు. తెలుగు అధ్యాపకుడు కథను చెబితే, చిత్రకళాధ్యాపకుడు గీత నేర్పుతాడు. నలుగురూ ముందుగా కూర్చుని ఆలోచించుకొంటే ఒక్క వస్త్రఖండం నాలుగు పాఠాలవుతుంది. ఎవరి గంటలో వారు ఎవరి పాఠం వారు చెప్పుకొంటే అది కేవలం గోడకు వేలాడే గుడ్డగానే మిగులుతుంది.

ఏడాదికొకసారి వివిధ రాష్ట్రాల వేషాలు ధరించి వేదికమీద నడవడంతో సంస్కృతుల పరిచయం పూర్తికాదు. వేషం సాయంత్రానికి తొలగిపోతుంది. కలిసి చేసిన పని జ్ఞాపకంలో నిలుస్తుంది. విద్యార్థులు కలిసి పనిచేయాలని కోరే అధ్యాపకులు ముందుగా తాము కలిసి పనిచేయాలి. హిందీ భవనం గోడ చెప్పే పాఠం అదే.

అర్థాలు

కుడ్యం = గోడ
సారథ్యం = నాయకత్వం
నిదర్శనం = ఉదాహరణ, తార్కాణం
స్వరలిపి = పాట బాణీని గుర్తులతో రాసే పద్ధతి
పారశీకం = పర్షియా దేశపు భాష

ప్రశ్నలు

1. సంస్కృతిని తెలుసుకోవడానికీ గౌరవించడానికీ గల భేదాన్ని వివరించండి.
2. హిందీ భవన కుడ్యచిత్రానికి వివిధ అధ్యాపకుల కృషి ఎలా తోడ్పడింది?
3. తడి పూతమీద చిత్రం గీయడంలో సహకారం ఎందుకు అవసరం?
4. మీ ప్రాంతంలోని ఒక కళను ఎన్నుకొని, దానిని ఏయే పాఠ్యాంశాలతో జోడించి బోధించవచ్చునో ఒక పుటకు మించకుండా రాయండి.