ప్రాణము చిలుకలో నున్న కథ

గ్రంథము లొక్కటియు లేని యిండ్లలోను పూర్వము కథలకు కొదువ లేదు. అవ్వలు చెప్పగా పిల్లలు వినిరి. ఆ పిల్లలే పెద్దవారై తమ బిడ్డలకు చెప్పిరి. ఇట్లు నోటినుండి నోటికి వచ్చిన జానపదకథలు నేటికిని నాటకమునకు, సంగీతమునకు, నృత్యమునకు, చలనచిత్రమునకు వస్తువు లగుచున్నవి. దీనికి కారణ మెరుగుటకై మన కందరకు తెలిసిన బాలనాగమ్మ కథను విచారింతము.

మాయలఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి కొనిపోయి చెరబెట్టెను. విడిపింప వచ్చిన భర్త మొదలగువారు వాని మాయచే శిలలైరి. ఆమె తొట్టిలో విడిచివచ్చిన బిడ్డడు, బాలవర్ధిరాజు, పెరిగి తల్లిని వెదకుచు వచ్చెను. కాని ఫకీరు కత్తికి లొంగువాడు కాడు. వాని ప్రాణ మేడు సముద్రముల కావల నొక చిలుకలో నున్నది. బాలుడు తల్లివలన నా మర్మము నెరిగి, చిలుకను తెచ్చి, ఫకీరును సంహరించి, తల్లిని విడిపించెను.

ఈ కథ మనదేశమున నింకొక తావునను వినబడినది. 1865–66 శీతకాలమున బొంబాయి గవర్నరగు సర్ బార్టిల్ ఫ్రియర్ ఆ రాజధాని దక్షిణభాగమున సంచారము చేయుచుండగా, ఆయన కుమార్తె మేరీ తన ఆయాయైన అన్నా లిబరేటా డిసౌజా యను క్రైస్తవస్త్రీని కథ చెప్పుమని యడిగెను. తనకు శక్యము కాదని మొదట ననినను, పిమ్మట నామె తన యవ్వ చెప్పిన కథ నొకదానిని జ్ఞప్తికి దెచ్చుకొని చెప్పెను. అందలి రాణి పేరు బాల్నా, మాంత్రికుడు పంచ్‌కిన్. వాని ప్రాణము తాళవృక్షముల నడుమ, ఆరు నీటికుండల క్రింద, పంజరములోని పచ్చచిలుకలో నుండెను. ఇది మన కథకు తోబుట్టువనుట స్పష్టము. మేరీ ఫ్రియర్ ఇట్టి కథలను 1868లో ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ అను పేర ప్రకటించెను.

రష్యాదేశపు కథలలో కాష్చే యను మాంత్రికుని ప్రాణము గ్రుడ్డులో నుండును. స్ట్రావిన్‌స్కీ సంగీతము కూర్చిన ‘అగ్నివిహంగము’ అను నృత్యనాటకము 1910లో పారిస్ నగరమున ప్రదర్శింపబడినది. అందు రాకుమారు డాగ్రుడ్డును పగులగొట్టగానే మాంత్రికుడు నశించును. మన తెలుగునాట బాలనాగమ్మ కథను బుర్రకథకులు పాడిరి. సురభి నాటకసమాజమువా రాడిరి. 1942లో జెమిని వారు చిత్రముగా తీసిరి. ఆ చిత్రమున ఫకీరు మరాఠీగా మారెనే గాని, చిలుక మారలేదు. 1959లో నీ కథ మరల తెర కెక్కినది.

కాలము, దేశము, వేషము మారినను మారనిదేది? ప్రాణము దేహమున గాక వేరొకచోట దాగియుండు ననుభావము. ఇది పసివానికి సైతము కంటికి గట్టును. చిలుక రెక్క విరువగనే మాంత్రికుని చేయి తెగిపడుననగా నటుడును, చిత్రకారుడును చేయవలసినది వెంటనే గ్రహింతురు. రెండవది, ఈ కథలో బలవంతుని బలహీనుడు జయించుచున్నాడు. జయించునది యాయుధముచే గాదు; ఓర్పుతో మర్మము నెరుగుటచే. ఇట్టి యాశ యే తరమువారికిని ప్రియమైనదే. మూడవది, జానపదకథ యన్నియు విప్పి చెప్పదు. తల్లికి దూరమైన బిడ్డని దుఃఖమును మాటలతో వర్ణింపదు. ఆ వెలితిని గాయకుడు రాగముతోను, నర్తకి యభినయముతోను నింపుదురు.

అయితే కథ తనంత తాను బ్రదుకదు. ఒక యువతి యడుగకున్నచో అన్నా యెరిగిన కథలు ఆమెతోనే పోయియుండును. అచ్చును, చలనచిత్రమును ఒక్కొక్క పాఠమునే నిలుపును. మీ అమ్మమ్మయో నాయనమ్మయో చెప్పు తీరు వానిలో దొరకదు. కథ ప్రాణమును చిలుకలోని ప్రాణమువలె వెలుపలనే యున్నది: చెప్పువారి నాలుకపైనను, వినువారి చెవియందును.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటి పెద్దల నొక కథ యడుగుడు. వారి మాటలను దిద్దక, వారు పలికినట్లే వ్రాసికొనుడు. చెప్పినవారి పేరును, ఊరును, తేదిని క్రింద గుర్తింపుడు. తలిదండ్రులారా, పిల్లలు వచ్చి యడిగినప్పుడు తీరిక లేదనకుడు.