రెరా ముందు నిలవని బెంగాల్ ‘హిరా’

ఫ్లాట్ కొన్నవారి రక్షణకు రాష్ట్రం సొంతంగా చట్టం చేస్తే చెల్లుతుందా? కేంద్ర, రాష్ట్ర చట్టాలు ఢీకొంటే ఏది నిలుస్తుందో చెప్పే రాజ్యాంగ 254వ అధికరణంపై ప్రశ్న వస్తే పశ్చిమ బెంగాల్ ఉదంతం గుర్తుకు రావాలి. పార్లమెంటు 2016లోనే రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) చేసింది. బెంగాల్ దాన్ని అమలు చేయకుండా 2017లో సొంత గృహనిర్మాణ పరిశ్రమ నియంత్రణ చట్టం ‘హిరా’ తెచ్చుకుంది. చాలా సెక్షన్లు రెరాకు అచ్చు నకలే. దెబ్బంతా తేడాల్లోనే ఉంది. రెరాలో ఆరుబయట పార్కింగ్ అందరి ఉమ్మడి ఆస్తి; హిరా నిర్వచనం ఆ రక్షణను నీరుగార్చింది. బిల్డర్ల జాప్యానికి సాకులూ పెంచింది. కొనుగోలుదారుకు ఇది అన్యాయమే.

ఆస్తి బదిలీ, ఒప్పందాలు ఉమ్మడి జాబితాలోని 6, 7 అంశాలు. ఈ జాబితాలోని అంశంపై రాష్ట్ర చట్టం కేంద్ర చట్టంతో విభేదిస్తే, రాష్ట్రపతి ఆమోదం ఉంటేనే నిలుస్తుంది. హిరాకు ఆ ఆమోదం లేదు. అందుకే 2021 మే 4న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షాల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే జరిగిన రిజిస్ట్రేషన్లను 142వ అధికరణం కింద కాపాడింది.

రెరా 88వ సెక్షన్ కూడా ముఖ్యమే. దాని ప్రకారం రెరా ఇతర చట్టాలకు అదనం. కాబట్టి ఫ్లాట్ కొన్నవారు వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చని ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో (2020) సుప్రీంకోర్టు తేల్చింది.