వెల్దుర్తి ఎంపీసీ విద్యార్థికి గ్రహాల తూకం కొలువు

టీఓఐ-4603బి అనే గ్రహం మనకు సుమారు 730 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సైజులో మన గురుగ్రహమంతే. బరువు మాత్రం గురుడికి దాదాపు 13 రెట్లు. సాంద్రత ఘన సెంటీమీటరుకు 14 గ్రాములు, అంటే సీసాన్ని మించిపోయింది. ఏడు రోజుల ఆరు గంటలకోసారి తన నక్షత్రాన్ని చుట్టి వస్తుంది. ఆ నక్షత్రం ముందు ఏదో అడ్డొస్తోందని మొదట పసిగట్టింది నాసా వారి టెస్ ఉపగ్రహం. గ్రహాన్ని తూకం వేసింది మాత్రం అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్ఎల్) బృందం. రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ మీద 1.2 మీటర్ల టెలిస్కోపు, దానికి బిగించిన 'పారస్' స్పెక్ట్రోగ్రాఫ్ ఇందుకు పనికొచ్చాయి. ఫలితం 2023లో వెలువడింది.

తూకం ఎలా వేస్తారు? గ్రహం తన నక్షత్రం చుట్టూ తిరుగుతుంటే దాని ఆకర్షణకు నక్షత్రమూ కాస్త ఊగుతుంది. మన గురుడి వల్ల సూర్యుడు ఊగేది సెకనుకు పన్నెండున్నర మీటర్ల వేగంతో. మాచర్ల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు వేగం అనుకోండి. నక్షత్రం మనవైపు వస్తే దాని వర్ణపటంలోని గీతలు నీలం వైపు, దూరం జరిగితే ఎరుపు వైపు కదులుతాయి. ఆ కదలిక నుంచి బరువు తేలుతుంది. నక్షత్రం ముందు గ్రహం అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగు నుంచి సైజు తేలుతుంది. గురుడి వ్యాసం సూర్యుడిలో పదో వంతు, వైశాల్యం నూరో వంతు, కాబట్టి తగ్గే వెలుగు ఒక్క శాతం. ఇంటర్ ఫిజిక్స్‌లోని డాప్లర్ ఎఫెక్టూ, వృత్త వైశాల్యమూ తప్ప ఇందులో కొత్తదేమీ లేదు. వాటిని ఎంట్రన్స్‌లో మార్కుల కోసమే చదివిస్తున్నాం, అదీ మన బాధ.

అసలు పజిల్ ఆ తర్వాత మొదలవుతుంది. ఇంత పెద్ద గ్రహం ఎలా పుట్టింది? రాయి, మంచు పేరుకుని భూమికి పదింతల గుండు తయారై, అది చుట్టూ ఉన్న వాయువును లాక్కుందనేది ఒక వాదం. నక్షత్రం చుట్టూ ఉన్న వాయువు పళ్లెమే విరిగి ముద్దకట్టిందనేది మరో వాదం. గురుడికి 13 రెట్లు దాటితే గ్రహమా, గ్రహానికీ నక్షత్రానికీ మధ్యరకమైన బ్రౌన్ డ్వార్ఫా అనే తగువు వస్తుంది. టీఓఐ-4603బి సరిగ్గా ఆ గట్టు మీదే ఉంది. దాని కక్ష్య గుండ్రంగా లేదు కాబట్టి ఎక్కడో దూరాన పుట్టి లోపలికి జరిగి ఉంటుందని అంచనా. గ్రహం వాతావరణంలోని కార్బన్, ఆక్సిజన్ పాళ్లు కూడా పుట్టిన చోటుకు ఆనవాళ్లు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో బీటెక్ చదివి, ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్‌గా ఉన్న నిక్కు మధుసూదన్ ఈ దారిలోనే పేరు తెచ్చుకున్నారు. వాస్ప్-12బి అనే గ్రహంలో కార్బన్ ఎక్కువని ఆయన బృందం 2011లో ప్రకటిస్తే, తర్వాతి పరిశీలనలు దాన్ని ప్రశ్నించాయి. ఈ వృత్తిలో అది మామూలే.

వెల్దుర్తి ఎంపీసీ విద్యార్థి గ్రహాలను తూచే ఈ కొలువులోకి ఎలా రావాలి? ఇంజినీరింగ్ మంచిదే కానీ, ఎంపీసీ అంటే ఈఏపీసెట్ ఒక్కటే అనుకోకండి. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది, చేరాలంటే ఐఏటీ రాయాలి. భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్. తిరువనంతపురం ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్. ఇవేవీ కుదరకపోతే నరసరావుపేటలోనో గుంటూరులోనో బీఎస్సీ ఫిజిక్స్ గట్టిగా చదివి జామ్ రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఇది చులకన చేయాల్సిన దారి కాదు. ఉస్మానియాలో ఖగోళశాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. పీహెచ్‌డీకి జెస్ట్, సీఎస్ఐఆర్-నెట్, గేట్ లాంటి పరీక్ష రాయాలి. పీఆర్ఎల్, బెంగళూరు ఐఐఏ, పుణె అయూకా, ముంబై టీఐఎఫ్ఆర్ చేరదగిన చోట్లు.

ఇప్పుడే చేతులు పెట్టి చూడటానికి టెలిస్కోపు కొనక్కర్లేదు. టెస్ డేటా అందరికీ ఉచితం. పైథాన్‌లో 'లైట్‌కర్వ్' ప్యాకేజీ, బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ చాలు. హెచ్‌డీ 209458 అనే నక్షత్రం పేరు ఇచ్చి గ్రాఫ్ గీయండి. మూడున్నర రోజులకోసారి గీత ఒకటిన్నర శాతం కిందికి దిగుతుంది. ఆ సంఖ్యకు వర్గమూలం తీస్తే నక్షత్రం వ్యాసంలో గ్రహం వ్యాసం ఎన్నో వంతో తెలుస్తుంది. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ పేపర్లు చదివే అలవాటు కూడా ఇప్పుడే మొదలెట్టాలి. లెక్క కంటే అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మిర్చి, పత్తి మీద బతికే ఇంట్లో నాన్న అడిగేది ఒక్కటే: జీతం ఎప్పుడొస్తుంది? నిజం చెప్పాలి. పీహెచ్‌డీలో తొలి రెండేళ్లు నెలకు రూ. 37,000, ఆపై రూ. 42,000 ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్. పర్మినెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. డేటా నుంచి సంకేతాన్ని వెలికితీయడం వచ్చినవాళ్లకు ఐటీ, ఉపగ్రహ చిత్రాలు, ఫైనాన్స్ కంపెనీల్లో పని దొరుకుతుంది. పరికరాల మీద మనసున్నవాళ్లు మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివి కూడా ఇక్కడికి రావచ్చు. పారస్‌ను వాక్యూమ్‌లో ఉంచి, ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతు కూడా కదలకుండా చూడటం వాళ్ల పనే.